తిన్న కూర ఒంటికి పట్టేదెలా

1995లో లాన్సెట్ వైద్యపత్రికలో పశ్చిమ జావా నుంచి ఒక అధ్యయనం వెలువడింది. ఇండోనేషియాలోని ఆ ప్రాంతంలో పిల్లలకు పాలిస్తున్న తల్లుల్ని మూడు జట్లుగా విడదీశారు. మొదటి జట్టుకు రోజూ ముదురాకుపచ్చ ఆకుకూరల వేపుడు పెట్టారు. రెండో జట్టుకు ఇంచుమించు అంతే బీటా కెరోటిన్, అంటే ఒంట్లో విటమిన్ ఎగా మారే పదార్థం, కలిపిన వేఫర్ ఇచ్చారు. మూడో జట్టుకు ఇచ్చింది కెరోటిన్ కలపని వేఫర్. 12 వారాలయ్యాక చూస్తే, రెండో జట్టు తల్లుల రక్తంలోనూ పాలలోనూ విటమిన్ ఎ పెరిగింది. ఆకుకూరలు తిన్న తల్లుల్లో చెప్పుకోదగ్గ మార్పే లేదు. కెరోటిన్ అదే, మోతాదూ దాదాపు అదే. పైగా ఆ కూర పచ్చి ఆకు కాదు, నూనెలో వేయించినదే.

ఆకుకూరలు తింటే కళ్లు బాగుంటాయని దశాబ్దాలుగా చెబుతూ వచ్చిన దేశాలకు ఇది మింగుడుపడని ఫలితం. వాటిలో మన దేశమూ ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగానే 1970లో పసిపిల్లలకు ఆరు నెలలకోసారి విటమిన్ ఎ ద్రావణం పోసే జాతీయ కార్యక్రమం మొదలైంది. రేచీకటి, అది ముదిరి నల్లగుడ్డు దెబ్బతిని చూపే పోవడం ఆ రోజుల్లో పల్లెలకు తెలిసిన కష్టాలే. తోటకూర పెట్టండి, మునగాకు పెట్టండి అని తల్లులకు చెప్పని ఆరోగ్య కార్యకర్త లేరు. ఆ సలహా తప్పని జావా అధ్యయనం అనలేదు. ఆకులో ఎంత కెరోటిన్ ఉందో కొలిచి, అదంతా ఒంట్లోకి చేరిపోతుందని లెక్క కట్టడం తప్పని మాత్రం తేల్చింది. 2001లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ పాత లెక్కను మార్చింది. అంతకుముందు ఆహారంలోని 6 మైక్రోగ్రాముల బీటా కెరోటిన్ 1 మైక్రోగ్రాము రెటినాల్‌కు, అంటే అసలైన విటమిన్ ఎకి, సమానమనుకునేవారు. కొత్త లెక్కలో అది 12 అయింది. నూనెలో కరిగించిన శుద్ధమైన కెరోటిన్ అయితే 2 చాలు.

పన్నెండుకీ రెండుకీ మధ్య ఉన్న ఆ దూరమే ఈ వ్యాసం విషయం. తినడం వేరు, తిన్నది ఒంటికి పట్టడం వేరు అని తెలుగులో ఎప్పటినుంచో అంటూనే ఉన్నాం. కానీ కూరగాయల గురించి ఇప్పుడు వస్తున్న రాతల్లో ఎక్కువగా కనిపించేది మొదటి లెక్కే: 100 గ్రాముల్లో ఇన్ని మిల్లీగ్రాములు, ఆ కూర కన్నా ఈ కూరలో ఇన్ని రెట్లు. అవి ప్రయోగశాలలో కూరను నూరి, రసాయనాలతో పిండి తీసిన అంకెలు. మనిషి పేగుకు అంత బలం లేదు. అది తన పద్ధతిలో, తనకు వీలైనంతే తీసుకుంటుంది.

గోడ దాటాలి, నూనెలో కరగాలి

ఒకే బీటా కెరోటిన్ వేర్వేరు మొక్కల్లో వేర్వేరు చోట్ల దాగి ఉంటుంది. ఆకులో అది పత్రహరితంతో పాటు, ప్రొటీన్లకు గట్టిగా అంటిపెట్టుకుని, హరితరేణువుల పొరల్లో ఉంటుంది. క్యారెట్‌లో సన్నటి స్ఫటికాలుగా పేరుకుని ఉంటుంది. బొప్పాయిలో మాత్రం చాలావరకు చిన్న చిన్న కొవ్వు బిందువుల్లో కరిగి, ఒక రకంగా పేగుకు సిద్ధం చేసి పెట్టినట్టు ఉంటుంది. అందుకే మనుషుల మీద పోల్చి చూసినప్పుడు బొప్పాయిలోని కెరోటిన్ క్యారెట్‌లో, టమాటాలో ఉన్నదానికన్నా ఇంచుమించు మూడు రెట్లు ఎక్కువగా రక్తంలోకి చేరింది. పట్టికల్లో క్యారెట్‌దే పైచేయి. పేగు దగ్గరికొచ్చేసరికి ఆ తేడా చాలా తగ్గిపోతుంది.

ఇవన్నీ మొక్క కణం లోపల ఉన్నవి. కణం చుట్టూ సెల్యులోజ్ గోడ ఉంటుంది. ఆవుకూ మేకకూ కడుపులోని సూక్ష్మజీవులు ఆ గోడను కరిగించిపెడతాయి. మన జీర్ణరసాల్లో ఆ పని చేసే ఎంజైమే లేదు. పెద్దపేగులోని బ్యాక్టీరియా కొంత చేయగలదు గానీ, కెరోటిన్‌ను పీల్చుకునే చిన్నపేగు అప్పటికే వెనకబడిపోయింది. కాబట్టి గోడ పగిలితే నోట్లోనైనా పగలాలి, రోట్లోనైనా పగలాలి, పొయ్యి మీదైనా మెత్తబడాలి. పచ్చి క్యారెట్‌ను పెద్ద ముక్కలుగా నమిలి మింగితే పళ్ల కింద నలగని కణాలు లోపలి సరుకుతో సహా అలాగే బయటికి వెళ్లిపోతాయి.

వండటం ఇక్కడ మేలే చేస్తుంది. వేడికి కణాల మధ్య జిగురులా ఉండే పెక్టిన్ కరిగి ముక్క మెత్తబడుతుంది, ప్రొటీన్ల పట్టు సడలుతుంది. కొంత కెరోటిన్ వేడికి పోయినా, మిగిలినదాంట్లో పేగుకు అందే భాగం పెరుగుతుంది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ అయిన సీఎఫ్‌టీఆర్‌ఐ శాస్త్రవేత్తలు మన ఇళ్లలో వండే పద్ధతుల్లోనే ఆకుకూరల్ని, పసుపుపచ్చ కూరగాయల్ని ఉడికించి, జీర్ణక్రియను అనుకరించే ప్రయోగాలు చేశారు. పచ్చివాటికన్నా వండినవాటిలోనే పేగుకు అందుబాటులోకి వచ్చే కెరోటిన్ ఎక్కువని తేలింది. తోటకూర పప్పును పప్పుగుత్తితో ఎనపడం, గోంగూరను ఉడికించి రోట్లో నూరడం లాంటివి రుచి కోసం పుట్టిన పనులే కావచ్చు. గోడలు బద్దలు కొట్టడంలో మాత్రం వాటికి తిరుగులేదు.

గోడ దాటిన కెరోటిన్‌కు వెంటనే ఇంకో అడ్డు. అది నీళ్లలో కరగదు, పేగు నిండా ఉన్నది నీళ్లే. ఇక్కడ నూనె కావాలి. భోజనంలో కొవ్వు ఉంటే పిత్తాశయం ముడుచుకుని పైత్యరసాన్ని వదులుతుంది. క్లోమం నుంచి వచ్చే లైపేజ్ కొవ్వును విడగొడుతుంది. పైత్య లవణాలూ విడిపోయిన కొవ్వు ఆమ్లాలూ కలిసి మైసెల్ అనే అతి చిన్న ఉండలుగా ఏర్పడతాయి. కెరోటిన్ వాటిలో ఎక్కి పేగు గోడ దాకా ప్రయాణం చేస్తుంది. కొవ్వు లేని భోజనంలో ఈ బండి బయల్దేరదు. 2004లో అయోవా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఒకే రకం సలాడ్‌ను కొందరికి మూడు సార్లు పెట్టారు: ఒకసారి నూనె లేకుండా, ఒకసారి 6 గ్రాముల నూనెతో, ఒకసారి 28 గ్రాములతో. నూనె లేని సలాడ్ తిన్నరోజు రక్తంలోకి చేరిన కెరోటినాయిడ్లు, అంటే కెరోటిన్ కుటుంబపు పదార్థాలు, దాదాపు సున్నా. లావు తగ్గాలని నూనె చుక్క కూడా వేయకుండా సలాడ్ గిన్నె ముందు పెట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అందులోని ఎరుపూ పసుపూ ఆకుపచ్చా కళ్లకు తప్ప ఒంటికి అందడం లేదంటే బాధగానే ఉంటుంది. అలాగని 28 గ్రాములూ పోయనక్కర్లేదు. వండిన కూరకైతే ఆ పూట భోజనం మొత్తంలో 3 నుంచి 5 గ్రాముల కొవ్వు ఉంటే చాలావరకు పని జరుగుతుంది. అది ఒక చెంచా తాలింపు. కూరలోనే ఉండాలనీ లేదు. పక్కనున్న ముద్దపప్పు మీది నెయ్యి అయినా, చట్నీలోని పల్లీలైనా సరే. అదే పూట, అదే కంచంలో ఉంటే చాలు.

పేగు గోడలోని కణాలు కెరోటిన్‌ను కళ్లు మూసుకుని లోపలికి రానీయవు. వాటి తలుపు దగ్గర ఎస్ఆర్-బి1 అనే ప్రొటీన్ ఉంటుంది. లోపలికొచ్చిన బీటా కెరోటిన్‌ను బిసిఓ1 అనే ఎంజైమ్ నట్టనడిమికి విరిచి రెండు విటమిన్ ఎ అణువులు చేస్తుంది. ఒంట్లో విటమిన్ ఎ నిల్వలు నిండుగా ఉంటే ఈ తలుపూ ఈ కత్తీ రెండూ నెమ్మదిస్తాయి. అందుకే క్యారెట్లు ఎన్ని తిన్నా విటమిన్ ఎ విషంగా మారదు. మరీ ఎక్కువ తింటే మారని కెరోటిన్ చర్మంలో చేరి అరచేతులూ అరికాళ్లూ పసుపు తిరుగుతాయి, తగ్గిస్తే పోతుంది. కామెర్లనుకుని కంగారు పడేవాళ్లు కళ్లు చూసుకుంటే తేడా తెలుస్తుంది. కామెర్లలో తెల్లగుడ్డు పచ్చబడుతుంది, ఇందులో కాదు. విటమిన్ ఎ మాత్రలకు మాత్రం ఈ కాపలా లేదు. గర్భిణులు వాటిని సొంతంగా వాడకూడదని వైద్యులు గట్టిగా చెప్పేది అందుకే. ఇంకో సంగతి, బిసిఓ1 పనితనం అందరిలో ఒకలా ఉండదు. జన్యువుల్లోని చిన్న తేడాల వల్ల కొందరిలో అది మందకొడిగా ఉంటుంది.

టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ కూడా ఈ కుటుంబానిదే, కానీ అది విటమిన్ ఎగా మారదు. వండని టమాటాలో అది నిటారుగా, గట్టి స్ఫటికాల్లో ఉంటుంది. నూనెలో బాగా మగ్గితే కొంత భాగం వంగిన రూపంలోకి మారుతుంది, ఆ రూపం మైసెల్‌లో తేలిగ్గా ఇముడుతుంది. 1997లో జర్మనీలో తాజా టమాటాలనూ టమాటా పేస్టునూ ఒకే మోతాదు లైకోపీన్ ఉండేలా కొలిచి, నూనెతోనే పెట్టి చూస్తే, పేస్టు తిన్నప్పుడే రక్తంలో ఎక్కువ కనిపించింది. ఆ లెక్కన టమాటా నిల్వపచ్చడికి మంచి మార్కులే పడాలి. అందులో పోసే ఉప్పును తలుచుకుంటే ఆ మార్కులు కొంత కోయక తప్పదు.

వేడి చెరిపేసే చోట

ఇంతవరకూ చదివాక ఉడికిస్తేనే మంచిదన్న నిర్ణయానికి వచ్చేస్తే క్యాబేజీ దగ్గర తప్పులో కాలేసినట్టే. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, బ్రకోలీ, ఆవాలు ఒకే కుటుంబం. వీటిలో గ్లూకోసినోలేట్లు అనే గంధకపు సమ్మేళనాలు ఉంటాయి. అవి ఉన్న రూపంలో పెద్దగా పనికిరావు. వాటిని విడగొట్టే మైరోసినేజ్ అనే ఎంజైమ్ అదే మొక్కలో, వేరే అరలో ఉంటుంది. పురుగు కొరికినప్పుడో కత్తి పడినప్పుడో పళ్ల కింద నలిగినప్పుడో రెండు అరలూ చిట్లి ఒకదానికొకటి తగులుతాయి. అప్పుడు పుట్టేదే ఐసోథయోసయనేట్. ముల్లంగి నమిలినప్పుడు ముక్కుకు కొట్టే ఘాటు అదే. పురుగును తరిమేందుకు మొక్క దాచుకున్న మందు అది. బ్రకోలీలో దాని పేరు సల్ఫోరాఫేన్. 1992లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో పాల్ తలాలే బృందం దాన్ని వేరుచేసి, విషపదార్థాలను వదిలించే ఎంజైమ్‌లను కణాల్లో అది మేల్కొలుపుతుందని చూపించింది. ఇవాళ బ్రకోలీకి ఉన్న పేరంతా అక్కడి నుంచి వచ్చిందే.

మైరోసినేజ్ వేడికి తట్టుకోలేదు. బాగా ఉడికిన క్యాబేజీలో గ్లూకోసినోలేట్లు ఉంటాయి, వాటిని విడగొట్టేది ఉండదు. నీళ్లు ఎక్కువ పోసి ఉడికించి వార్చేస్తే అవి కూడా ఆ నీళ్లతో పోతాయి. మిగిలినవాటిని పెద్దపేగు బ్యాక్టీరియా కొంతవరకు విడగొడుతుంది గానీ, పచ్చిది నమిలి తిన్నప్పుడు ఒంట్లోకి చేరేదానితో పోలిస్తే ఆ దిగుబడి మూడో వంతు దగ్గర ఉంటుంది. తరిగిన క్యాబేజీని వెంటనే పొయ్యెక్కించకుండా కాసేపు అలా వదిలేస్తే, వేడి తగిలేలోపే ఎంజైమ్ తన పని కొంత పూర్తిచేస్తుంది. పుట్టిన ఐసోథయోసయనేట్ ఎంజైమ్ కన్నా వేడికి ఎక్కువ ఓర్చుకుంటుంది. వెల్లుల్లిదీ ఇదే దారి. చిదిపి పది నిమిషాలు ఆగి నూనెలో వేయడానికీ, చిదిపీ చిదపకుండానే వేయడానికీ తేడా ఉంది.

ఈ కుటుంబంలో తెలుగు వంటింటికి ఒక ప్రత్యేకమైన చోటు ఉంది. అది ఆవపెట్టిన కూర. 2018లో ఇంగ్లండ్‌లోని రీడింగ్ యూనివర్సిటీ పరిశోధకులు 200 గ్రాముల ఉడికించిన బ్రకోలీ మీద ఒక గ్రాము పచ్చి ఆవపిండి చల్లి 12 మందికి పెట్టారు. ఆవపిండి లేకుండా తిన్నప్పటికన్నా సల్ఫోరాఫేన్ నాలుగు రెట్లకు పైగా ఒంటికి పట్టింది. బ్రకోలీలో చచ్చిపోయిన ఎంజైమ్ పనిని ఆవపిండిలోని బతికున్న ఎంజైమ్ చేసిపెట్టింది. ఆవ పెట్టే విధానం ఎరిగినవాళ్లకు ఇందులో ఒక సంగతి వెంటనే తడుతుంది. ఆవను నీళ్లతో మెత్తగా నూరి, కూరను దించి, వేడి తగ్గాక కలుపుతారు. పొయ్యి మీద ఉండగా కలిపితే చేదెక్కి ఘాటు పోతుందని వంట నేర్పేవాళ్లు మొదటే హెచ్చరిస్తారు. ఆ ఘాటు పోవడమంటే ఎంజైమ్ పోవడమే. నూనెలో చిటపటలాడించిన పోపు ఆవాలకు వాసన ఉంటుంది గానీ ఈ పని చేసే శక్తి ఉండదు. అరటిదూటలోనూ పనసపొట్టులోనూ గ్లూకోసినోలేట్లు లేవు, అక్కడ ఆవ తన ఘాటును తానే తెచ్చుకుంటుంది. క్యాబేజీకి ఆవ పెట్టినప్పుడు మాత్రం రెండూ కలిసొస్తాయి. మునగ కూడా వీళ్లకు దూరపు చుట్టమే. మునగ వేరు నలిపితే వచ్చే ఘాటు ఈ ఐసోథయోసయనేట్లదే.

ఉల్లిపాయ చెప్పిన సంగతి

ఉల్లిలో క్వెర్సెటిన్ అనే ఫ్లేవనాయిడ్ (మొక్కలు తయారుచేసుకునే ఒక రకం పదార్థం) పుష్కలం. పై పొరల్లో ఎక్కువ, లోపలికి పోయేకొద్దీ తక్కువ. ఎండు పొట్టుతో పాటు ఒకటి రెండు మంచి పొరల్ని కూడా తీసి పారేసే అలవాటు వల్ల పోయేది ఇదే. మొక్కలో క్వెర్సెటిన్‌కు చక్కెర అణువు తగిలించి ఉంటుంది. చక్కెర ఉన్నంతకాలం అది పేగు గోడ దాటలేదనీ, పెద్దపేగులో బ్యాక్టీరియా చక్కెరను ఊడదీశాకే కాస్తో కూస్తో చేరుతుందనీ చాలాకాలం నమ్మారు. 1995లో నెదర్లాండ్స్‌లో పీటర్ హోల్మన్ బృందం దీన్ని నేరుగా పరీక్షించింది. జబ్బు వల్ల పెద్దపేగు తీసేసిన మనుషులు ఆ పరీక్షకు ముందుకొచ్చారు. వాళ్ల చిన్నపేగు చివర బయటికొచ్చేదాన్ని కొలిస్తే ఎంత లోపలికి పోయిందో తెలుస్తుంది. ఉల్లిలోని క్వెర్సెటిన్ 52 శాతం దాకా చేరింది. చక్కెర లేని శుద్ధమైన క్వెర్సెటిన్ 24 శాతమే. అడ్డంకి అనుకున్న చక్కెరే తాళంచెవి అయింది.

ఆ తాళం తీసేది ఎవరో తర్వాత తెలిసింది. చిన్నపేగు అంచున ఉండే లాక్టేజ్, పాలలోని చక్కెరను విడగొట్టే ఎంజైమే. గ్లూకోజ్ తగిలించి ఉన్న ఉల్లి క్వెర్సెటిన్‌ను అది అక్కడికక్కడే విడదీస్తుంది, విడిపోయింది చటుక్కున కణంలోకి జారుకుంటుంది. తిన్న ముప్పావు గంటకే రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరుతుంది. అదే క్వెర్సెటిన్‌కు ఇంకో రకం చక్కెర తగిలిస్తే అది రూటిన్. దాన్ని లాక్టేజ్ ముట్టుకోదు, పెద్దపేగు దాకా పోవాల్సిందే, గంటలకొద్దీ ఆలస్యం. పట్టికలో రెండింటి పేరూ క్వెర్సెటిన్ ఖాతాలోనే రాస్తారు.

లోపలికి చేరినదాని గతి కూడా తెలుసుకోవాలి. ఒళ్లు క్వెర్సెటిన్‌ను పోషకంగా చూడదు, కొత్తగా వచ్చిన పరాయి రసాయనంగా చూస్తుంది. పేగు కణంలోనే, తర్వాత కాలేయంలో, దానికి గ్లూకురోనిక్ ఆమ్లమో సల్ఫేటో తగిలించి నీళ్లలో కరిగేలా చేస్తుంది. మనం వేసుకున్న మందుల్ని బయటికి పంపే దారి కూడా ఇదే. రక్తంలో తిరిగేది ఉల్లిలో ఉన్న అణువు కాదు, దానికి వేరే చొక్కా తొడిగిన రూపం. అదీ అతి కొద్ది మోతాదుల్లో, ఒకటి రెండు రోజుల్లో చాలావరకు ఒంట్లోంచి పోతుంది. గాజుగిన్నెలో క్యాన్సర్ కణాల మీద శుద్ధమైన క్వెర్సెటిన్‌ను రక్తంలో ఎన్నడూ చేరని మోతాదుల్లో పోసి, అవి చచ్చాయని రాసే వార్తల్ని ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుని చదవాలి.

వంకాయది ఇంకో దారి. కోసిన వంకాయ ముక్క నల్లబడకుండా ఉప్పునీళ్లలో వేస్తాం కదా, ఆ నల్లబడేది క్లోరోజెనిక్ ఆమ్లం. గాలి తగిలి, మొక్కలోని ఎంజైమ్ తోడై రంగు మారుతుంది. ఇదే ఆమ్లాన్ని పెద్దపేగు లేని మనుషులకు ఇచ్చి చూస్తే మూడో వంతు చిన్నపేగులో లోపలికి పోయింది, మూడింట రెండు వంతులు ముందుకు సాగిపోయాయి. మామూలు మనిషిలో ఆ రెండు వంతులూ పెద్దపేగు బ్యాక్టీరియా చేతిలో పడతాయి. అవి దాన్ని విరిచి చిన్న చిన్న ఫినాలిక్ ఆమ్లాలుగా మారుస్తాయి, వాటిలో చాలా భాగం అప్పుడు రక్తంలోకి వస్తుంది. కాబట్టి గుత్తివంకాయ తిన్న ఇద్దరి ఒంట్లో తిరిగేవి ఒకే అణువులు కాకపోవచ్చు. ఎవరి పేగులో ఏ బ్యాక్టీరియా కాపురం ఉందన్నదాని మీద అది ఆధారపడుతుంది. సోయాలోని ఐసోఫ్లేవోన్ అనే పదార్థాన్ని పేగు బ్యాక్టీరియా సాయంతో ఈక్వాల్ అనే మరో పదార్థంగా మార్చుకోగలిగేవాళ్లు పాశ్చాత్య దేశాల్లో నలుగురైదుగురిలో ఒకరే, జపాన్‌లో సగం మంది దాకా ఉంటారు.

నాలుక మీది బ్యాక్టీరియా

బ్యాక్టీరియా సాయం పేగులోనే కాదు, నోట్లో కూడా ఉంది. దాని కథ బీట్‌రూట్‌ది. బీట్‌రూట్, పాలకూర, తోటకూర నైట్రేట్ ఎక్కువగా ఉండే కూరలు. నైట్రేట్‌కు శోషణలో ఏ ఇబ్బందీ లేదు, చిన్నపేగు నుంచి దాదాపు మొత్తం రక్తంలోకి పోతుంది. కానీ మన కణాలకు దాన్ని నైట్రైట్‌గా మార్చే సామర్థ్యం చాలా తక్కువ. అందుకని ఒళ్లు ఒక చుట్టుదారి పట్టింది. రక్తంలోని నైట్రేట్‌లో నాలుగో వంతు దాకా లాలాజల గ్రంథులు లాక్కుని ఉమ్మిలోకి వదులుతాయి. నాలుక వెనక భాగంలోని బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది. ఆ ఉమ్మి మింగితే కడుపులోనూ రక్తంలోనూ నైట్రిక్ ఆక్సైడ్ పుడుతుంది, రక్తనాళాలు సడలుతాయి. ఒకసారి తిన్న కూర రెండోసారి నోట్లోకి వచ్చి, మళ్లీ మింగితేనే పని పూర్తవుతుంది.

2008లో లండన్‌లో ఆరోగ్యవంతులకు అర లీటరు బీట్‌రూట్ రసం తాగించారు. మూడు గంటల్లోపు పై రక్తపోటు 10 పాయింట్ల దాకా తగ్గింది. రసం తాగాక ఉమ్మి మింగకుండా ఉమ్మేయమన్నప్పుడు ఆ తగ్గుదల ఆగిపోయింది. బ్యాక్టీరియాను చంపే మౌత్‌వాష్ వాడినా ఈ గొలుసు తెగుతుందని వేరే ప్రయోగాల్లో కనిపించింది. నోరు శుభ్రంగా ఉండాలన్నది నిజమే, దానికి ఘాటైన మందునీళ్లు రోజూ పుక్కిలించడం అవసరమా అన్నది మాత్రం రక్తపోటు ఉన్నవాళ్లు దంతవైద్యుణ్ని అడిగి తేల్చుకోవాల్సిన ప్రశ్న. బీట్‌రూట్ తిన్న మర్నాడు మూత్రం ఎర్రగా వస్తే భయపడేవాళ్లకు ఒక మాట: అది బీటానిన్ రంగు, పది మందిలో ఒకరికి అటూ ఇటూగా కనిపిస్తుంది.

మాత్రలో పెడితే

శోషణ ఇంత చిక్కు అయినప్పుడు, మంచి పదార్థాన్ని మాత్రలో పెట్టి నేరుగా ఇచ్చేస్తే పోలేదా అన్నది సహజమైన ఆలోచన. బీటా కెరోటిన్‌తో ఆ పని చేశారు. ఫిన్లాండ్‌లో పొగతాగే 29 వేల మందికి పైగా మగవాళ్ల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి. రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మాత్ర వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. రెండేళ్లకు అమెరికాలోని మరో పరీక్షలోనూ నష్టమే కనిపించి, దాన్ని మధ్యలోనే ఆపేశారు. కూరగాయలు తినేవాళ్లలో క్యాన్సర్ తక్కువన్న పరిశీలన నుంచి పుట్టిన పరీక్షలవి. కూరలో గోడలూ కాపలాలూ దాటుకుని కొద్దికొద్దిగా వచ్చే పదార్థాన్ని ఒక్కసారిగా కుమ్మరిస్తే, పొగతో దెబ్బతిన్న ఊపిరితిత్తుల్లో అది ఇంకోలా ప్రవర్తించింది.

యాంటీఆక్సిడెంట్ అంకెల గోల కూడా ఇలాంటిదే. గాజుగొట్టంలో ఏ ఆహారం ఎంత ఆక్సీకరణాన్ని అడ్డుకుంటుందో కొలిచే ఓఆర్ఏసీ అనే పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ నడిపేది. ఆ అంకెలకూ ఒంట్లో జరిగేదానికీ సంబంధం లేదనీ, అమ్మకాల కోసం వాటిని దుర్వినియోగం చేస్తున్నారనీ చెప్పి 2012లో దాన్ని తీసేసింది. మిరియాలతో కలిస్తే పసుపు రెండు వేల శాతం ఎక్కువగా ఒంటికి పడుతుందని పసుపు మాత్రల అమ్మకందార్లు చెప్పే అంకె కూడా చూడాలి. 1998లో బెంగళూరు శాస్త్రవేత్తలు పసుపులోని ముఖ్య పదార్థమైన కర్క్యుమిన్ 2 గ్రాములకు 20 మిల్లీగ్రాముల పిపరిన్ జోడించి రాబట్టిన అంకె అది. మిరియాల్లోని పిపరిన్ కాలేయం పనిని కాసేపు మందగింపజేస్తుంది, అందుకే కర్క్యుమిన్ నిలుస్తుంది. పసుపులో కర్క్యుమిన్ మూడు శాతం దగ్గర ఉంటుంది. ఆ ప్రయోగపు మోతాదు కావాలంటే 60 గ్రాములకు పైగా పసుపు ఒకేసారి తినాలి. మిరియాల చారు మంచిదే, దానికి ఈ అంకె అక్కర్లేదు. కాలేయాన్ని మందగింపజేసేది వేసుకుంటున్న ఇతర మందుల మోతాదునూ పెంచగలదు, ఆ ముక్క సీసా మీద కనపడదు.

పాలకూరా టమాటా

పాలకూర, టమాటా కలిపి వండితే కిడ్నీలో రాళ్లు వస్తాయన్న భయం మన ఇళ్లలో గట్టిగా ఉంది. ఇందులో సగం నిజం. క్యాల్షియంతో కలిసి రాళ్లు కట్టే ఆక్సలేట్ పాలకూరలో నిజంగానే చాలా ఎక్కువ. టమాటాలో తక్కువ, కలపడం వల్ల కొత్తగా పుట్టేదేమీ లేదు. ఆక్సలేట్ పేగులో క్యాల్షియంను పట్టుకుంటే రెండూ కలిసి మలంలో పోతాయి. అందుకే పాలకూరలోని క్యాల్షియంలో ఒంటికి పట్టేది 5 శాతమే, పాలలోనిది 27 శాతం దాకా ఉంటుంది. ఎముకల కోసం పాలకూర తినేవాళ్లకు ఇది నిరాశే. రాళ్ల విషయంలో మాత్రం ఇదే రక్షణ. పట్టుకోవడానికి క్యాల్షియం దొరకని ఆక్సలేటే రక్తంలోకి పోయి కిడ్నీలో తేలుతుంది. అమెరికాలో 45 వేల మందికి పైగా మగవాళ్లను గమనించిన అధ్యయనం 1993లో చెప్పిందీ అదే: ఆహారంలో క్యాల్షియం ఎక్కువున్నవాళ్లలో రాళ్లు తక్కువ. పాలకూర పప్పు తిన్న పూట పెరుగన్నం మానకూడదన్నమాట. రాళ్లు ఇదివరకే వచ్చినవాళ్లు ఆకును ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే ఆక్సలేట్ కొంత తగ్గుతుంది, పాలకూరకు బదులు మెంతికూర వాడుకోవచ్చు కూడా.

ఇనుము సంగతి రెండు ముక్కల్లో: ఆకుకూర మీద నిమ్మకాయ పిండితే ఇనుము ఎక్కువ పడుతుంది, భోజనం అవగానే టీ తాగితే తగ్గుతుంది.

మళ్లీ బాలింతల దగ్గరికి వద్దాం. తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులకూ బాలింతలకూ అంగన్‌వాడీ కేంద్రంలోనే ఒక పూట పూర్తి భోజనం పెడతారు. అన్నం, ఆకుకూర పప్పు లేదా సాంబారు, కోడిగుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. గుడ్డును సాధారణంగా ప్రొటీన్ కిందే లెక్కేస్తారు. 2015లోనే అమెరికాలోని పర్‌డ్యూ యూనివర్సిటీ పరిశోధకులు 16 మంది యువకులకు పచ్చి కూరగాయల సలాడ్‌ను గుడ్లతోనూ, గుడ్లు లేకుండానూ పెట్టి చూశారు. మూడు గుడ్లతో కలిపి తిన్నప్పుడు కూరగాయల్లోని కెరోటినాయిడ్ల శోషణ మూడు నుంచి ఎనిమిది రెట్లు పెరిగింది. పచ్చసొనలోని కొవ్వు చేసిన పని అది. అంగన్‌వాడీలో పెట్టేది ఒక్క గుడ్డే, అందులో ఉండే కొవ్వు 5 గ్రాములు. తోటకూర పప్పులోని కెరోటిన్ కదలడానికి కావాల్సినది అంతే. అయితే ఆ గుడ్డు పప్పన్నంతో పాటు అదే పూట కడుపులో ఉండాలి. ఇంట్లో పిల్లవాడికని కొంగున కట్టుకుపోతే ఆ తల్లి తిన్న ఆకుకూరకు ఆ సాయం అందదు.